బలం డబ్బాలో లేదు.. ప్రమాదం ఉండొచ్చు!

విజయనగరం: 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో నెల్లిమర్ల మండలం కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 53 కిలోల విభాగంలో 188 కిలోలెత్తి కాంస్యం సాధించింది. కొద్ది రోజుల్లోనే అది రజతమైంది. స్వర్ణం గెలిచిన 16 ఏళ్ల నైజీరియా బాలిక నమూనాలో నిషేధిత మూత్రకారక ఔషధాలు బయటపడటమే కారణం. నాడు పరాయి పొరపాటు జిల్లాకు మేలు చేసింది. అదే పొరపాటు పౌడరు డబ్బా రూపంలో ఇక్కడి ఇళ్లలోకీ రావచ్చు.

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ లెక్కల ప్రకారం 2023లో భారత్‌లో 5,606 నమూనాలు పరీక్షిస్తే 213 దోషపూరితమని తేలాయి. అంటే 3.8 శాతం. ఐదు వేలకు మించి పరీక్షలు జరిపిన దేశాల్లో ఇదే అత్యధికం. వీరంతా తెలిసి తప్పు చేశారనలేం. 2011లో పట్టుబడిన మహిళా రిలే పరుగు క్రీడాకారిణులు కోచ్ ఇచ్చిన జిన్‌సెంగ్ బిళ్లలే కారణమని వాదించారు. అయినా 2012లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం వారి నిషేధాన్ని ఏడాది నుంచి రెండేళ్లకు పెంచింది. ఒంట్లో ఏది దొరికినా బాధ్యత క్రీడాకారుడిదే. తెలియదన్న మాట శిక్షను తగ్గించగలదేమో గానీ తప్పించదు.

నిజానికి వే ప్రొటీన్ విషమేమీ కాదు, పాల విరుగుడు నుంచి తీసినదే. రోజుకు 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్ బరువులెత్తేవారికి ఉపకరిస్తుందని పరిశోధనల్లో రుజువైంది. అది నిషేధిత జాబితాలోనూ లేదు. చిక్కంతా లేబుల్‌పై రాయని కల్తీతోనే. డబ్బాపై ఉండే ఆహార భద్రత లైసెన్సు సంఖ్య డోపింగ్ పరీక్షకు పూచీ కాదు.

ఇంతకూ అవసరమెంత? కిలో శరీర బరువుకు 1.6 గ్రాముల చొప్పున చూస్తే 60 కిలోల లిఫ్టర్‌కు రోజుకు 96 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఆరు గుడ్లు, అర లీటరు పాలు, గుప్పెడు వేరుశనగలు, పప్పన్నం, ఉడికించిన ఉలవలు ఆ లెక్కను దాదాపు పూర్తిచేస్తాయి. మిగతా పని ఇనుముదే. స్క్వాట్లు, పుల్స్‌తో వారాల తరబడి కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ పోవాలి, మధ్యలో కండరాలకు విశ్రాంతినివ్వాలి. డబ్బాపై వేలు పోసే కుటుంబాలు నిద్రను మాత్రం లెక్కలోకి తీసుకోవు.

పణంగా ఉన్నది పతకమొక్కటే కాదు. రైల్వే, సైన్యం, పోలీసు శాఖల్లో క్రీడా కోటా కొలువు ఈ పల్లెల యువతకు పెద్ద ఆశ. నాలుగేళ్ల నిషేధం పడితే ఆ వయసు తిరిగి రాదు. తప్పనిసరిగా పౌడరు వాడాల్సినవారు బ్యాచ్‌ల వారీగా డోపింగ్ పరీక్ష చేయించిన ఉత్పత్తినే ఎంచుకోవాలి, బిల్లును, డబ్బా అడుగున కొంత పొడిని దాచుకోవాలి. విచారణ వరకు వెళితే ఆధారంగా చూపుకోగలిగేది అదే.