ఒక్క గాటుతో రోబో ఆపరేషన్: రోగికి మేలెంత?

మూత్రపిండం, ప్రోస్టేటు గ్రంథి వ్యాధులకు పొట్టపై ఒకే ఒక గాటు పెట్టి రోబో సాయంతో చేసే ఆపరేషన్లు కొన్నేళ్లుగా సాగుతున్నవి. రోబో అనగానే యంత్రమే తనంతట తాను కోస్తుందని అనుకోరాదు. కొద్ది దూరంలో కూర్చున్న డాక్టరు చేతి కదలికలనే అది లోపల అనుసరిస్తుంది.

మామూలు రోబో ఆపరేషనుకు పొట్టమీద అయిదారు రంధ్రాలు పెడతారు. అదే యంత్రాన్ని ఒక్క గాటుగుండా నడిపిన వైనాన్ని అమెరికాలోని క్లీవ్‌లాండ్ వైద్యులు 2009లో ప్రకటించారు. అయితే ఒకే దారిన దూరిన సాధనాలు ఇరుకు సందులో ఎదురుపడిన ఎడ్లబండ్లవలె తగులుకునేవి. మూత్రకోశ వ్యాధులకు 2018లో అమెరికాలో అనుమతి పొందిన ‘డావిన్సీ ఎస్‌పి’ యంత్రం ఆ చిక్కు విడదీసింది. రెండున్నర సెంటీమీటర్ల గొట్టంలోనుంచి ఒక కెమెరా, మూడు సాధనాలు కలిసి దిగుతాయి. లోపలికి పోయాక మోచేయి, మణికట్టువలె వంగి విడివడతాయి.

మరి రోగికి ఒరిగేదేమిటి? మచ్చ చిన్నది. నొప్పి తక్కువని, త్వరగా ఇంటికి పోవచ్చునని పలు పరిశీలనల్లో తేలింది. క్యాన్సరు నయం కావడంలో మాత్రం ఇది అయిదారు రంధ్రాల పద్ధతికంటే మిన్న అని ఇంతవరకు రుజువు కాలేదు. యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది. సాధనాలను కూడ కొన్ని ఆపరేషన్లకొకసారి మార్చవలసిందే. ప్రయివేటు ఆసుపత్రులలో ఆ భారం చివరకు రోగి బిల్లుమీదనే పడుతుంది. మచ్చ తగ్గుతుందని పొలం తాకట్టు పెట్టవలసిన పనిలేదు. ఈ పద్ధతికి వేరే తర్ఫీదు కావాలి గనుక, డాక్టరు ఇదివరలో ఎన్ని చేశారో బంధువులు మొహమాటపడక అడగవచ్చు.

మూత్రపిండంలో సాధారణ రాళ్లకైతే ఈ యంత్రంతో అవసరమే రాదు. వాటిని తీసే మార్గాలు వేరే ఉన్నవి.