కమలా ఖాన్ దుపట్టా కొలవొద్దు

పోయిన నెల మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు ఒక ముకద్దమా నడిచింది. ముల్జిమ్ మా అమ్మాయి, తొమ్మిదో క్లాసు. జుర్మ్ ఏమిటంటే, ఈదీ డబ్బులతో బొమ్మల పుస్తకం కొనుక్కోవడం. పుస్తకం పేరు 'మిస్ మార్వెల్'. అందులో ఒక పేజీని ఎవరో ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. ఒక ఖాలూగారు వాయిస్ మెసేజ్ పంపారు: "యే సబ్ ఫుజూల్ హై బాబా, కైకు దిలాయే?" ఒక భాభీ ఆ బొమ్మను జూమ్ చేసి చూసి, "నామ్ తో ఖాన్ హై, సర్ పే దుపట్టా కిధర్?" అన్నారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తమ్ముడొకడు "ముస్లిం సూపర్‌హీరో! మాషా అల్లాహ్!" అని చప్పట్ల బొమ్మలు పెట్టాడు. ఈ ముగ్గురిలో పుస్తకం తెరిచిన వాళ్లు ఒక్కరూ లేరు.

నా ఝగడా ముగ్గురితోనూ. చప్పట్లు కొట్టినవాడితో కాస్త ఎక్కువే. ముగ్గురూ అడుగుతున్నది ఒకటే సవాల్: ఈ పిల్ల మన ఖౌమ్‌కి ఇజ్జత్ తెస్తుందా, ఉన్నది తీస్తుందా? కథలో ఉన్నది ఒక మనిషి, ఆ మనిషికి ఏమైందో చూద్దాం అన్న ఖయాల్ ఒక్కరికీ రాలేదు. కథలోని పిల్లకి కూడా క్యారెక్టర్ సర్టిఫికెట్ కావాలంటున్నాం.

ఇంతకీ ఎవరీ కమలా ఖాన్? అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, జెర్సీ సిటీ. పదహారేళ్ల పిల్ల. పాకిస్తాన్ నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబం. 2014 ఫిబ్రవరిలో ఆమె పేరుతో కామిక్ మొదలైంది. రాసింది జి. విల్లో విల్సన్, ఇస్లాం స్వీకరించిన అమెరికన్ రచయిత్రి. బొమ్మలు ఏడ్రియన్ అల్ఫోనా. ఈ పిల్ల పుట్టుకకు కారణమైన ఎడిటర్ సనా అమానత్ కూడా అమెరికాలో పెరిగిన పాకిస్తానీ కుటుంబం ఆడబిడ్డే. మొదటి సంపుటికి 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. మా తమ్ముడి చప్పట్లకు ఇవి చాలు.

నాకు పనికొచ్చింది వేరే. కథ మొదలయ్యేసరికి కమలా ఒక కొట్లో పంది మాంసం శాండ్‌విచ్ ముందు నిలబడి వాసన పీలుస్తూ ఉంటుంది. తినదు. తినదు గానీ వదలబుద్ధీ కాదు. పక్కనే ఆమె దోస్త్ నకియా, తలకు స్కార్ఫ్‌తో. ఒక తెల్ల అమ్మాయి వచ్చి, స్కార్ఫ్ కట్టుకోమని ఇంట్లో బలవంతం చేయలేదు కదా అని తియ్యగా వాకబు చేస్తుంది. నకియా జవాబు విన్నారా? వాళ్ల నాన్న తీసెయ్యమంటున్నాడట, ఇదంతా నాలుగు రోజుల ముచ్చట అనుకుంటున్నాడట! భాభీ, మీరు వెతికిన దుపట్టా అక్కడుంది. దాని వెనక ఎంత కథ ఉందో చూడాలంటే పేజీ తిప్పాలి.

రాత్రి ఇంట్లో చెప్పకుండా పార్టీకి పోతుంది కమలా. జ్యూస్‌లో శరాబ్ కలిపి ఇస్తే ఉమ్మేస్తుంది, అక్కణ్ణుంచి కోపంగా వచ్చేస్తుంది. దారిలో వింత పొగమంచు కమ్ముతుంది. ఆ మైకంలో ఆమె ఆరాధించే కెప్టెన్ మార్వెల్ ఆకాశంలో ప్రత్యక్షమై ఏం పాడుతుందనుకున్నారు? అమీర్ ఖుస్రో సర్సోం పూల పాట. బసంత్ నాడు ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా దర్గా దగ్గర ఖవ్వాల్‌లు పాడే పాట అది. టెన్త్ దాకా ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి, ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మా అమ్మాయి "ఖుస్రో కౌన్ అబ్బా?" అని అడిగింది. స్కూల్లో ఎవరూ చెప్పలేదు, ఇంట్లో నేనూ చెప్పలేదు, మార్వెల్ కంపెనీ చెప్పింది.

ఆ పిల్ల మొదట కోరుకునేది కూడా పసుపు జుట్టు తెల్లమ్మాయి అయిపోవాలనే. అవుతుంది కూడా. అయ్యాక ఆ వేషం ఎంత ఇరుకో తెలుస్తుంది. తరవాత తన బుర్కినీనే మార్చుకుని హీరో దుస్తులు చేసుకుంటుంది. మస్జిద్‌లో పరదా వెనక కూర్చుని, ఈ అడ్డం ఎందుకని షేఖ్ సాబ్‌ను అడుగుతుంది. ఆ షేఖ్ సాబ్ పేరు అబ్దుల్లా. రాత్రిళ్లు ఎక్కడ తిరుగుతున్నావని ఆమెను మందలించడానికి పిలిచినప్పుడు, ఇక ఆయన తిట్టే తిట్లకు సిద్ధపడతాం మనం. ఆయన మాత్రం, చేసేదేదో ధైర్యంగా, నిజాయితీగా, దయతో చెయ్యి, ఒక ఉస్తాద్‌ను చూసుకో అన్నట్టు మాట్లాడతాడు. గడ్డం పెంచిన ముస్లిం పెద్దమనిషి కనబడగానే బాంబు కోసం వెతికే సినిమాలు చూసి చూసి, ఇలాంటి మౌల్వీ సాబ్ కథల్లో కనబడితే ప్రాణం లేచొచ్చింది.

దుపట్టానే కొలమానమైతే ఇంకో పిల్ల ఉంది, చూడండి. 2002లో ఎక్స్‌మెన్ కథల్లోకి వచ్చిన సూరయ్యా ఖదీర్, అఫ్ఘాన్ అమ్మాయి. పేరు డస్ట్. ఒంటి నిండా నల్లటి నిఖాబ్. భాభీ లెక్కలో నూటికి నూరు. అయితే మొదటి కథలో ఆమె నోట వచ్చే మాట 'తురాబ్'. దుమ్ము అని అర్థం, కానీ అరబ్బీ మాట. హజ్రత్ అలీని అబూ తురాబ్ అంటాం, అందుకే మనకు తెలుసు. అఫ్ఘాన్ దరీలో దుమ్మును 'ఖాక్' అంటారు, మన ఉర్దూలోనూ అదే. ముస్లిం అంటే అరబ్బీ మాట్లాడాలి, అంతే! ఆ కథలో ఆమెకు ఇల్లు లేదు, అల్లరి లేదు, అమ్మతో తగాదా లేదు. బుర్ఖా ఉంది, దుమ్ము ఉంది, కాపాడటానికి ఒక వుల్వరిన్ ఉన్నాడు. ఒళ్లంతా కప్పారు, లోపల మనిషిని పెట్టడం మరిచారు.

మనవాళ్లే రాస్తే బాగుంటుంది కదా అంటారా? 2006లో కువైట్ నుంచి నాయిఫ్ అల్ ముతవ్వా 'ది 99' తెచ్చారు. 1258లో మంగోలులు బగ్దాద్‌ను తగలబెట్టినప్పుడు అక్కడి గ్రంథాలయపు ఇల్మ్ అంతా నూర్ రాళ్లలోకి చేరిందట. ఆ రాళ్లు దొరికిన పిల్లలే హీరోలు. ఈ ఊహకు సలాం. సౌదీలో ఉలమా కాదన్నారు, అమెరికాలో కొందరు ఇది పిల్లలకు ఇస్లాం ఎక్కించే కుట్ర అన్నారు. రెండు వైపులా రాళ్లు తిన్న ఆయన మీద నాకు హమ్‌దర్దీ ఉంది. కానీ చదువుతుంటే నిద్రొచ్చింది, ఏం చేయను? ఒక్కో పిల్లకీ పిల్లాడికీ ఒక్కో సుగుణం. కోపం, ఈర్ష్య, మొండితనం లాంటివి కథకు కావలసినంత లేవు. అల్లాహ్ పేర్లు తొంభై తొమ్మిది, మనిషన్నవాడికి మాత్రం కొన్ని ఐబులు కూడా ఉండాలి. మన పిల్లల పత్రికల్లో కథలూ ఇంతే. అబ్దుల్లా అబద్ధం ఆడతాడు, దెబ్బ తగులుతుంది, తౌబా చేస్తాడు, ఖతం. నసీహత్ ముందు తయారు చేసి, దానికి కథ చుట్టబెడతారు. పిల్లలు ఆ పొట్లం విప్పి చూసి పక్కన పడేస్తారు.

ఇక ఖాలూగారి 'ఫుజూల్'. యూసుఫ్ అలైహిస్సలాం కథను మేలైన కథగా చెప్పింది ఖుర్ఆనే కదా. అది నిజంగా జరిగింది, ఇది కల్పన అంటారు, సరే. మరి మదర్సాలో 'గులిస్తాన్' ఎందుకు చదివించారు? మౌలానా రూమీ 'మస్నవీ'లో దుకాణం చిలక మాట్లాడితే ఎవరూ ఫత్వా ఇవ్వలేదు. మన పంచతంత్రాన్ని ఎనిమిదో శతాబ్దంలోనే ఇబ్నుల్ ముఖఫ్ఫా 'కలీలా వ దిమ్నా' పేరుతో అరబ్బీలో పెట్టాడు. నక్కలు మాట్లాడుకునే కథలు.

బొమ్మలతో కథ ఫిరంగీ అలవాటు అంటే అసలు ఊరుకోను. అక్బర్ బాద్షా పదిహేనేళ్ల పాటు 'హమ్జానామా' గీయించాడు. 1400 బొమ్మలు, బట్ట మీద. బొమ్మ ఒక వైపు, కథ వెనక వైపు. అమీర్ హమ్జా, దేవ్‌లు, పరీలు, జాదూగర్‌లు. 1883లో లక్నోలో మున్షీ నవల్ కిశోర్ ప్రెస్ అదే దాస్తాన్‌లోంచి 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' అచ్చు మొదలుపెట్టింది. అందులోని అమర్ అయ్యార్‌కు 'జంబీల్' అని ఒక సంచి ఉంటుంది. ఎంత పెట్టినా నిండదు, లోపల ఏకంగా ఊళ్లే పడతాయి. బ్యాట్‌మ్యాన్ నడుం బెల్టు దాని ముందు పాన్ డబ్బా. ఇబ్నె సఫీ 1955లో పుట్టించిన ఇమ్రాన్ పక్కా వెర్రివాడిలా నటిస్తూనే గూఢచారుల్ని పట్టేవాడు. మా అబ్బా తరం ఆ నవలలు అద్దెకు తెచ్చుకుని రాత్రంతా చదివింది. ఖాలూగారూ చదివారు. అడగండి, నవ్వుతారు.

ఇదంతా ఉర్దూలో ఉండిపోయింది, మన పిల్లలు తెలుగు, ఇంగ్లీషు బళ్లకు పోయారు. తెలుగులో మన జిందగీ రాసినవాళ్లు లేరా? ఉన్నారు. ఖదీర్ బాబు 'దర్గామిట్ట కథలు'లో నెల్లూరు వైపు పిల్లవాడు నవ్విస్తాడు, నవ్విస్తూనే ఏడిపిస్తాడు. స్కైబాబ 'వతన్' తెచ్చారు, వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' రాశారు. గొప్ప పని. కానీ అవి ఎక్కువగా పెద్దవాళ్ల దుఃఖాలు. పన్నెండేళ్ల పిల్లకు కర్నూలులోనో కరీంనగర్‌లోనో ఎగిరే ముస్లిం పిల్ల కావాలి, అమ్మీ తిడితే కిటికీలోంచి జారుకునే పిల్ల కావాలి. ఆ పిల్ల కోసం జెర్సీ సిటీ దాకా పోవాల్సి వచ్చింది. అక్కడ దొరికితే ఇక్కడ మనం దుపట్టా కొలుస్తున్నాం.

గ్రూపులో నేను ఇంత పొడుగు జవాబు రాయలేదు. హమ్జానామా బొమ్మ ఒకటి పెట్టి, "యే భీ కామిక్ ఇచ్ హై ఖాలూ" అన్నానంతే. ఇంట్లో మాత్రం, రాత్రిళ్లు అన్నాలయ్యాక, అబ్బా పాత పెట్టెలోంచి తీసిన తిలిస్మ్‌ను ఉర్దూలో చూసి తెలుగులో చెబుతున్నాను. అమర్ అయ్యార్ జంబీల్ దాకా వచ్చాం. దాంట్లోకి మన స్కూటీ పడుతుందా అని మా అమ్మాయి అడిగింది. నిన్న రాత్రి దాని మీదే పన్నెండు దాకా బహస్.