పిల్లలను కాచు చేపకు గాలము వేయదగునా?

మా పాఠశాలలో పై తరగతుల బాలురు కొందరు ఈ సంవత్సరము విరామ సమయములందు ఒక వింత చేపను గూర్చి తరచుగా ముచ్చటించుకొనుచుండగా వింటిమి. అది దక్షిణ అమెరికా ఖండమున అమెజాను, ఒరినోకో నదీ ప్రాంతములలో పుట్టి పెరుగు పీకాక్ బాస్ అను చేప. దానిని పట్టు విధమును ఫోనులలో చూచి వారు మిక్కిలి ఉత్సాహపడుచున్నారు. "మాస్టారూ, అట్టి వేట మన చెరువులలో కొర్రమీనులపై చేయవచ్చునా?" అని వారిలో ఒకడు మమ్ము అడిగెను. ఆ ప్రశ్నకు ఒక్క మాటతో బదులు చెప్పి యూరకుండుట తగదని తోచి, మా అభిప్రాయమును ఈ సంచిక మూలమున తెలుపుచున్నాము.

పేరున బాస్ అని యున్నను ఇది బాస్ జాతికి చెందినది కాదు. సిక్లిడ్ అను కుటుంబములోనిది. మన కొల్లేటి దువ్వెన చేపయు, చెరువులలో ప్రబలిన తిలాపియాయు ఆ కుటుంబములోనివే. దీని తోక మొదట నల్లని మచ్చయు, దాని చుట్టు పసిమివన్నె వలయమును నెమలి కన్నువలె నుండును. బ్రెజిల్ దేశస్థులు దీనిని తుకునారే యనియు, వెనెజులా వారు నెమలి యను అర్థమున పవోన్ అనియు పిలుతురు. 2006లో వెలువడిన శాస్త్ర పరిశీలనలో ఇందు 15 జాతులు లెక్కింపబడెను. వానిలో పెద్దది సిక్లా టెమెన్సిస్. 1821లో హంబోల్టు పండితుడు టెమి యను నది పేరున దానికి నామకరణము చేసెను. 2010లో రియో నెగ్రో ప్రాంతమున పట్టుబడిన ఒక చేప 13 కిలోలకు పైగా తూగినది.

ఇక వేట సంగతి. రియో నెగ్రో నీరు తేయాకు కషాయమువలె నల్లగా నుండును. వర్షకాలమున ఆ నది గట్లు దాటి అడవిని ముంచగా చేపలు చెట్ల నడుమకు చెదరిపోవును. నీరు తీసిన నెలలలో అవి మడుగులలోనికి చేరును. వేటగాండ్రు ఆ కాలమునకై వేచియుందురు. కొందరు లూర్ అను కృత్రిమపు ఎరను వాడుదురు. చేప ఆకారమున చెక్కిన కొయ్యముక్కకు తిరుగు రెక్కను అమర్చి నీటిపై లాగినచో అది బుడబుడమని చప్పుడు చేయును. మరికొందరు ఫ్లై రాడ్డుతో వేటాడుదురు. గాలమునకు ఈకలు, వెండ్రుకలు, మెరుపు దారములు చుట్టిన ఎరకు బరువుండదు గనుక, బరువైన దారమునే కొరడావలె వెనుకకును ముందుకును ఝళిపించి దానిని దూరముగా వేయవలెను. 8, 9 నంబరుల రాడ్లు ఇందుకు తగినవి. చేప ఎరపై పడుట రాయి పడినట్లుండును. పడిన వెంటనే అది మునిగిన మొద్దుల నడుమకు దూసికొనిపోయి దారమును తెంపజూచును. చేయి, కన్ను, ఓర్పు మూడును కలిసిన గాని ఈ విద్య పట్టుబడదు. దీనిని నిందించుట మా ఉద్దేశము కాదు.

అయితే ఈ చేప ఎరపై పడునది ఎల్లప్పుడును ఆకలిచేతనే కాదు. తల్లియు తండ్రియు కలిసి గుడ్లను కాచి, పొదిగిన పిల్లలను వారములకొలది వెంటబెట్టుకొని తిరుగుచుండును. ఆ సమయమున దగ్గరకు వచ్చిన ప్రతిదానిపైనను అవి విరుచుకొనిపడును. నేర్పరి యైన వేటగాడు ఆ కోపమును ఎరిగి, పిల్లల గుంపుపై ఎరను లాగి తల్లిని గాని తండ్రిని గాని సులువుగా పట్టును. గుర్తు పట్టుటయు కష్టము కాదు. టెమెన్సిస్ చేప మామూలు కాలమున తెల్లని చుక్కల చారలతో సన్నగా నుండును. సంతానకాలము సమీపించినప్పుడు చుక్కలు మాసి, మూడు నల్లని అడ్డపట్టెలు స్పష్టమగును. మగచేప నుదుట క్రొవ్వు మూపురము లేచును. పూర్వము ఈ రెండు రూపములను వేరు జాతులని కొందరు భ్రమపడిరి. ఇంత స్పష్టముగా గుర్తు కనబడుచుండగా తెలియక పట్టితి నని చెప్పుట చెల్లునా?

ఈ మాట చెప్పుటకు మాకు కలిగిన అనుభవము నొకటి దాచక తెలుపుదుము. మాకు పండ్రెండేండ్ల ప్రాయమున మా ఊరి చెరువులో తూటికాడల ప్రక్క ఎర్రని చిన్న పిల్లల గుంపొకటి నీటిపై నురుగువలె కదలుచుండుట చూచితిమి. అవి కొర్రమీను పిల్లలు. క్రింద పెద్ద చేప యుండునని ఎరిగి, కప్పను గాలమునకు గ్రుచ్చి వాని నడుమ ఆడించితిమి. మూడవ మారునకే పెద్ద కొర్రమీను పట్టుబడెను. గర్వముతో ఇంటికి తెచ్చితిమి. మరునాటి ఉదయమున పోయి చూడగా ఆ ఎర్రని గుంపు లేదు. ఒడ్డున పది పండ్రెండు పిల్లలు మాత్రము చెదరి తిరుగుచుండెను. ఆ సంగతి విని మా మేనమామ కోపపడలేదు. "ఒక్క చేపను తెచ్చావు, వెయ్యి చేపల్ని పోగొట్టావురా అబ్బాయీ" అని మాత్రమనెను. ఆనాటి కూర రుచి మాకు జ్ఞాపకము లేదు గాని ఆ మాట నేటికిని మరపునకు రాలేదు.

"మేము పట్టి, తూచి, మరల విడిచిపెట్టుచున్నాము గదా, దోషమేమి?" అని వేటగాండ్రు అడుగుదురు. విడిచిపెట్టుట మంచి అలవాటే. కాని అలసిన చేపను పట్టుకొనుటకై అమెజానులో గులాబివన్నె డాల్ఫినులు పడవల వెంబడి తిరుగుచుండును. చేప బ్రదికినను, అది లేని కొలది నిమిషములలో పిల్లల గతి యేమి? ఉత్తర అమెరికాలో లార్జ్‌మౌత్ బాస్ అను చేపలలో తండ్రి గూటిని కాయును. దానిని కొంచెము సేపు తొలగించినను ఇరుగుపొరుగు చేపలు గూటిపై పడి గుడ్లను, పిల్లలను తినివేయుననియు, మిక్కిలి అలసినది కాపుదలకు తిరిగి వచ్చుటలో ఆలస్యమగుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కెనడా దేశపు ఆంటారియో రాష్ట్రములో చాలభాగమున బాస్ చేపలు పిల్లలను కాచు వసంతకాలమందు వాని వేటకు సెలవు లేకుండుటయు అందువలననే.

ఇందుకొక మినహాయింపు కలదు. పనామా దేశమున గాటూన్ సరస్సులోనికి పీకాక్ బాస్ 1967 ప్రాంతమున చేరెను. 1973లో ప్రకటింపబడిన పరిశీలన ప్రకారము, అది వ్యాపించిన చోటులందు స్థానికమైన చిన్న చేపలు పెక్కు దాదాపు రూపుమాసెను. స్వస్థలమున దానికి భూషణమైన సంతానరక్షణయే పరాయి నీటిలో ఇతర జాతులకు ముప్పు తెచ్చుటకు తోడ్పడినది. అట్టి చోట దానిని పట్టుట ఆ నీటికి ఉపకారమే. మేము చెప్పు నియమము ఏ చేప యే నీటిదో ఆ నీటికి సంబంధించినది.

కడుపు కూటికై గాలము వేయు పేదవానిని వేడుకకు వేటాడు వానితో సమానముగ ఎంచుట న్యాయము కాదు. అయినను పిల్లల గుంపుపైనుండి తల్లిని తీసికొనుటవలన రాబోవు సంవత్సరము మొదట నష్టపోవువాడు ఆ పేదవాడే. పలు గ్రామములలో చెరువు చేపలపై హక్కు మత్స్యకారుల సహకార సంఘమునకు గలదు. తెలంగాణ రాష్ట్రము కొర్రమీనును తన రాష్ట్ర మత్స్యముగా ఎంచుకొన్నది. అట్టి చేప చెరువునుండి తరగిపోయినచో ఆ నష్టము ఊరందరిదియు నగును.

కావున బాలురారా, మీరు గాలము పట్టుకొని చెరువుకు పోవుటకు మేము అడ్డు చెప్పము. సంఘము వారి అనుమతి గైకొని పొండు. పెద్దవారొకరిని వెంట తీసికొని పొండు. ఎర వేయుటకు ముందు నీటిని కొంత తడవు పరికింపుడు. ఎర్రని గుంపు కనబడినచో కర్ర నెత్తి వేరొక చోటికి నడువుడు. విడిచిపెట్టదలచిన చేపను తడిచేతితో పట్టి, వెంటనే నీట విడువుడు. ముల్లు నొక్కివేసిన ఒంటి గాలమైనచో దాని నోరు చిరుగదు. తలిదండ్రులకు మా మనవి యొక్కటే: మీ కుమారుడు ఒకనాడు వట్టి చేతులతో ఇంటికి వచ్చి, "పిల్లలున్నవి, అందుచేత వేయలేదు" అనినయెడల వానిని పరిహసింపకుడు. ఆ పూట పప్పుతో సరిపెట్టుకొని వానిని మెచ్చుకొనుడు.