హెచ్ఈసీ వాళ్ళ సబ్జెక్టు కాదండీ, మనదే!

సాఫ్ట్‌వేర్ వాడు శని, ఆదివారాలు ఏం చేసినా లోకానికి అభ్యంతరం లేదు. ట్రెక్కింగ్‌కి వెళ్ళొచ్చు, పెద్ద కెమెరా కొని పూలకి ఫోటోలు తియ్యొచ్చు, షేర్లు కొని చేతులు కాల్చుకోవచ్చు. అదే వాడు కాకతీయుల మీదో విజయనగరం మీదో పుస్తకం పట్టుకుని కూర్చుంటే మాత్రం "ఏంటి గురూ, గ్రూప్స్ రాస్తున్నావా?" అంటారు. చరిత్ర చదవడానికి మనవాళ్ళకి తెలిసిన కారణం అదొక్కటే మరి.

ఇదంతా మన చదువుల పుణ్యం. బుర్రున్నవాడికి ఎంపీసీ, కాస్త ఓపికున్నవాడికి బైపీసీ, ఏదీ రానివాడికి హెచ్ఈసీ. నంద్యాల అయినా, ఆళ్ళగడ్డ అయినా, గుంటూరైనా ఇంతే. పదో తరగతి పరీక్షలు అయిపోయిన మర్నాడే సోషల్ పుస్తకం పాతపేపర్ల వాడి తక్కెట్లోకి వెళ్ళిపోతుంది. అక్కడితో అశోకుడు చెట్లు నాటించడం, రాయలవారు అష్టదిగ్గజాలని పోషించడం తప్ప ఇంకేమీ మిగలదు.

సరే, చదవకపోతే పోనీ అని ఊరుకోవచ్చు. నా పేచీ అది కాదు. చదవరు సరే, మాట్లాడకుండా ఉంటారా అంటే, ఉండరు! పనిలో ఒక్క లైను కోడ్ మార్చాలంటే ఇద్దరి చేత రివ్యూ చేయించే మనిషి, నాలుగు వందల ఏళ్ళ నాటి యుద్ధం గురించి ఎవడో పంపిన ఫార్వర్డుని చదవకుండానే నలభై మందికి తోసేస్తాడు. ప్రొడక్షన్‌లో బగ్ వస్తే "లాగ్స్ చూపించు" అనేవాడు, చరిత్ర దగ్గరకొచ్చేసరికి "అందరికీ తెలిసిందేగా" అంటాడు. ఇదెక్కడి ఇంజనీరింగప్పా?

మా ఊరి ముచ్చటే చెప్తా. ఆళ్ళగడ్డ నుంచి అడవి వైపు వెళ్తే అహోబిలం. నవ నారసింహ క్షేత్రం, అందరికీ తెలిసిందే. శ్రీకృష్ణదేవరాయలు స్వయంగా వచ్చి కానుకలిచ్చిన గుడి. ఆ గుడిని 1579లో గోల్కొండ సైన్యం దోచుకుంది. ఇది కట్టుకథ కాదు, నిజమే. మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకసారి ఈ విషయం మీదే ఒక ఫార్వర్డు వచ్చింది. "తురకలు వచ్చి మన దేవుణ్ణి ఎత్తుకుపోయారు, మర్చిపోకండి" అని దాని సారాంశం. దాని కింద పాతిక దండాలు, పది కోపం బొమ్మలు. దానికి జవాబుగా ఇంకో మేధావి "అదంతా బ్రిటిష్ వాళ్ళు అల్లిన కథ, సుల్తానులు గుళ్ళ జోలికే పోలేదు" అని రాశాడు. రెండు రోజులు కొట్టుకున్నారు. మూడో రోజు మాతో నాలుగేళ్ళు ఒకే బెంచీలో కూర్చున్న నంద్యాల కుర్రాడొకడు, వాడు ముస్లిం, ఒక్క మాటా అనకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు లాగ్స్ చూద్దాం.

ఆ సైన్యాన్ని నడిపిన సేనాని పేరు మురహరిరావు. మరాఠా బ్రాహ్మడు. కెంపులు పొదిగిన విగ్రహాన్ని తీసుకెళ్ళి యుద్ధంలో గెల్చిన సొత్తుగా సుల్తానుకి సమర్పించింది ఆయనే. ఇది గోల్కొండ వైపు నుంచి వచ్చిన సమాచారం. రెండో వైపు సాక్ష్యం అహోబిలంలోనే ఉంది. శ్రీరంగరాయల కాలంలో, శక సంవత్సరం 1506లో, అంటే 1584 ప్రాంతంలో వేయించిన శాసనం. ఇబ్రహీం కుతుబ్ షా మనుషులూ, హండె నాయకులూ కలిసి అహోబిలం సీమని పట్టుకుని కొన్నేళ్ళు ఏలారనీ, మఠం జియ్యరుగారు రాజుతో మొర పెట్టుకుంటే కొండరాజు వంశం వాళ్ళు వెళ్ళి వాళ్ళని తరిమి గుడిని మళ్ళీ నిలబెట్టారనీ అందులో ఉంది. హండె నాయకులంటే ఎవరో విదేశీయులు కారు, మన అనంతపురం వైపు పాలెగాళ్ళు. హిందువులే.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. ఈ ఇబ్రహీం కుతుబ్ షా కుర్రతనంలో అన్నకి భయపడి ఎక్కడ తలదాచుకున్నాడు? విజయనగరంలో, అళియ రామరాయల నీడన, 1543 నుంచి 1550 దాకా, ఏడేళ్ళు! తెలుగు అక్కడే ఒంటబట్టింది. మన కవులు ఆయన్ని ముద్దుగా "మల్కిభరాముడు" అన్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానము' ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన దగ్గర పనిచేసిన అమీన్ ఖాన్‌కి పొన్నికంటి తెలగన అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్ర' అంకితమిచ్చాడు. అదే మల్కిభరాముడు 1565లో తనకి అన్నం పెట్టిన రామరాయల మీదికే మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికొచ్చాడు. 1579లో ఆయన సైన్యమే అహోబిలాన్ని దోచింది. మరుసటేడు ఆయన పోయాడు.

ఇప్పుడు చెప్పండి. ఈయన మంచివాడా, చెడ్డవాడా? మనవాడా, పరాయివాడా? మొదటి ఫార్వర్డు మురహరిరావుని, హండె వాళ్ళని మాయం చేసింది. రెండో ఫార్వర్డు ఏకంగా దోపిడీనే మాయం చేసింది. ఇద్దరికీ కావలసింది చరిత్ర కాదు, తమ పార్టీకి పనికొచ్చే పాయింటు. డేటాలో తమకి నచ్చని వరసలు డిలీట్ చేసి గ్రాఫ్ గీసేవాణ్ణి మన ఆఫీసుల్లో ఏమంటారో మీకు తెలుసు.

నేను "అందరూ మంచివాళ్ళే, కలిసిమెలిసి ఉన్నారు" అని బొంకమనడం లేదు. దోపిడీ దోపిడీయే. గుడి పోయినందుకు ఆ జియ్యరుగారు పడ్డ బాధ నిజం. కానీ రాజు కానుకలిచ్చిన గుడి అంటే ఆ కాలంలో ఆ రాజు పరువు కూడా. గుడిని కొడితే రాజుని కొట్టినట్టే. సీమని పట్టుకున్నవాడు అందుకే గుడి మీదికి పోయాడు, తిరిగి గెల్చుకున్నవాడు అందుకే ముందు గుడి మర్యాదలు నిలబెట్టి దాన్ని రాతి మీద చెక్కించాడు. ఇంత అర్థమైతే, నాలుగున్నర శతాబ్దాల కిందటి లెక్కని నంద్యాలలో ఉండే ఓ క్లాస్‌మేట్ దగ్గర వసూలు చెయ్యాలని ఎవడికీ తోచదు.

"అయినా మనకెందుకు, ప్రొఫెసర్లు చూసుకుంటారు" అనేవాళ్ళకి ఇంకో మాట. ఈ దేశ చరిత్రలో సగం తవ్వి తీసింది పగలు వేరే ఉద్యోగం చేసుకున్నవాళ్ళే. బ్రాహ్మీ లిపి గుట్టు విప్పిన జేమ్స్ ప్రిన్సెప్‌ది కలకత్తా టంకశాలలో ఉద్యోగం. కైఫియత్తులు పోగేయించిన మెకంజీ సైన్యంలో ఇంజనీరు, సర్వేయరు. ఆయన కోసం ఊరూరా తిరిగి కరణాల దగ్గర కూర్చుని రాసుకున్నది మన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య. విజయనగరం మీద 1900లో పుస్తకం రాసిన రాబర్ట్ సూయెల్ జిల్లాలు ఏలిన అధికారి. ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు కంటపడింది ఒక భూగర్భ శాస్త్రవేత్తకి. గ్రీకుల లీనియర్ బి లిపిని 1952లో ఛేదించిన మైకేల్ వెంట్రిస్ ఇళ్ళ ప్లాన్లు గీసే ఆర్కిటెక్టు. వీళ్ళెవరికీ తీరిక ఎక్కువై కాదు, ఆసక్తి ఆగక చేశారు. మనకి మాత్రం ప్రాజెక్టు డెడ్‌లైన్ అడ్డం!

పోనీ మన దగ్గర చదవడానికేం లేదా అంటే, కాళ్ళ కింద పెట్టుకుని ఎక్కడో వెతుకుతున్నాం. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్ని రాబర్ట్ బ్రూస్ ఫుట్ తన కొడుకుతో కలిసి 1880లలో తవ్వించాడు. బనగానపల్లె వైపు జ్వాలాపురంలో, సుమత్రా దీవిలో దాదాపు 74 వేల ఏళ్ళ కిందట పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద పొరగా పేరుకుని ఉంది. ఆ పొరకి కిందా పైనా మనుషులు వాడిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో 'సైన్స్' పత్రికలో వ్యాసం వచ్చాక, ప్రపంచమంతా దాని మీద వాదించుకుంటోంది. మన నంద్యాల జిల్లా వాళ్ళలో ఎంతమందికి ఆ ఊరి పేరు తెలుసు? అమెరికా వెళ్ళి గ్రాండ్ కేన్యన్ ముందు నిలబడి సెల్ఫీ దిగినవాడు బిల్లసర్గం పేరు వింటే "అదేం సర్గం?" అంటాడు :-)

ఎలా మొదలెట్టాలి అంటారా? మీకు రోజూ చేతనైన పనే. దక్షిణ భారత శాసన సంపుటాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. కడపలోని బ్రౌన్ కేంద్రం వాళ్ళు ఆ జిల్లా కైఫియత్తుల్ని సంపుటాలుగా అచ్చేశారు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, దానికి పెద్ద లెక్కలక్కర్లేదు. ఏది చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎవడు రాశాడు? జరిగిన ఎన్నేళ్ళకి రాశాడు? రాస్తే వాడికేంటి లాభం? కైఫియత్తు చెప్పేదంతా నిజం కాదు, శాసనం కూడా డబ్బా కొట్టుకుంటుంది. అందుకే రెండో సాక్ష్యం లేకుండా దేన్నీ నమ్మకూడదు. ఒక్క లాగ్ ఫైలు చూసి రూట్ కాజ్ తేల్చేస్తామా?

ఈసారి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు గుడి గోడ మీదో, చేని గట్టునో అక్షరాలున్న బండ కనపడితే దాని మీద సున్నం కొట్టనివ్వకండి, మెట్టుగా వెయ్యనివ్వకండి. నాలుగు వైపులా ఫోటో తీసి పెట్టండి. చదవడం రాకపోయినా ఫర్లేదు, చదివేవాడొకడు రేపొస్తాడు. బండ పగిలిపోతే ఎంత పెద్ద పండితుడైనా చేసేదేం లేదు, దానికి బ్యాకప్ లేదు కదా.

ఇంతా చేసి చరిత్ర చదివితే జీతం పెరగదు, ప్రమోషన్ రాదు. ఒప్పుకుంటాను. కానీ మీరు చదవకుండా వదిలేసిన జాగా ఖాళీగా ఉండదు, ఎవడో ఒకడు తనకి కావలసింది అక్కడ రాసి మీ పేరు మీద ఫార్వర్డ్ చేస్తాడు. అప్పుడు గ్రూపులోంచి వెళ్ళిపోయేది మీ స్నేహితుడే. కాబట్టి వచ్చేసారి అలాంటి మెసేజ్ వచ్చినప్పుడు దండం పెట్టేముందు ఒక్క మాట అడగండి: "ఏదీ, శాసనం నంబరు చెప్పు?"

చెప్పలేకపోతే, ఆ ఫార్వర్డు మీ దగ్గరే ఆగిపోవాలి.