లాభము పంచుకొనని కంపెనీ

కనిగిరిలో చిల్లరకొట్టు నడుపువారు సరకు కొరకు ఒంటరిగా ఒంగోలు పోయి, వారు చెప్పిన ధరకే తెచ్చుకొనుచున్నారు. పది కొట్లవారు కలిసి కొన్నచో బేరము వేరుగా నుండును గదా! తెలుగు పాఠము చెప్పు మాకు వ్యాపారమేమి తెలియునందురేమో. సరకు కొనువారమైతే మేమును అగుదుము.

1956లో తెలంగాణలోని ముల్కనూరులో కాశీవిశ్వనాథరెడ్డి గారు 373 మంది సభ్యులతో సహకార సంఘమును నెలకొల్పిరి. అది రైతుకు అప్పిచ్చి, విత్తనములు, ఎరువులు సమకూర్చి, పండిన పంటను కొని అమ్మిపెట్టుచున్నది. ఒక్కొక్కరికి లేని బలము అందరికిని కలిగినది.

వర్తకులకు మరియొక దారియు గలదు. 2013 కంపెనీల చట్టము 8వ సెక్షను క్రింద వాణిజ్యాభివృద్ధికై కంపెనీని స్థాపింపవచ్చును. లాభమును సభ్యులు పంచుకొనరాదు, ఆ పనికే వెచ్చింపవలెను.

అందరి సొమ్మనగా ఎవరి సొమ్మును కాదని పెద్దలు జంకుదురు. ఆ జంకు నిజమైనదే. లెక్కలు చూపక మూతపడిన సంఘములు మనమెరుగనివి కావు. కనుక మన కామర్సు విద్యార్థులు నెలనెలా లెక్క వ్రాసి, కొట్టుకొట్టుకు పోయి చదివి వినిపింపవలెను. కమిటీవారు సాయంకాలము ఒక గది తెరచి యుంచినచో చాలును; మొదటి చిట్టా పుస్తకమును మేమే తెచ్చెదము.