పుట్టకముందే పడే పడుగు

పిల్లలూ! మీకు ఒక చిక్కు ప్రశ్న. రెండు పెయ్యదూడలు ఒకే రోజున పుట్టినవి. తూచి చూస్తే రెండూ ఒకే బరువు. రెండూ ఒకే బీట్లో తిరిగినవి, ఒకే నీళ్లు తాగినవి. అయినా యేడు నెలలు గడిచేసరికి ఒకటి ముందుకు పోయింది, రెండవది వెనకబడింది. కారణం యేమై వుంటుంది?

"తల్లి దగ్గర పాలు చాలలేదేమో!" అంటారు మీరు. అది ఒక కారణం కావచ్చు. కాని ఇంకొక కారణం దూడ పుట్టకముందే, తల్లి కడుపులో వున్నప్పుడే, యేర్పడి వుండవచ్చు.

ఆవు సుమారు 283 రోజులు దూడను మోస్తుంది. మొదటి నెలల్లో మావి తయారవుతుంది. తల్లి తిన్న ఆహారంలోని సారం దూడకు చేరేది దాని ద్వారానే. ఆ తరవాత దూడ కండల్లోని పోగులు యేర్పడతాయి. చివరి రెండు నెలల్లో దూడ చాలా వేగంగా బరువెక్కుతుంది.

నేతగాడు మగ్గానికి పడుగు యెక్కించేటప్పుడే గుడ్డకు పోగులెన్నో తేలిపోతుంది. నేత మొదలైన తరవాత మధ్యలో కొత్త పోగు చేర్చడం కుదరదు. దూడ కండలూ అంతే. పోగుల లెక్క చాలావరకు పుట్టకముందే తేలిపోతుంది. పుట్టిన తరవాత అవి లావవుతాయి, పొడుగవుతాయి. వాటి సంఖ్య మాత్రం పెరగదు. తల్లికి తిండి చాలనప్పుడు ఉన్న సారం ముందు మెదడుకూ గుండెకూ పోతుంది. కండల వంతు తరవాత వస్తుంది.

అమెరికాలో నెబ్రాస్కా అనే రాష్ట్రం వున్నది. అక్కడ శాండ్‌హిల్స్ అనే ఇసుక దిబ్బల మీద గడ్డి పెరుగుతుంది. మాంసానికి పెంచే పశువులను ఆ బీళ్లలో మేపుతారు. ఆవులు యెక్కువగా వసంతంలో యీనుతాయి. అంటే చూడి ఆవుకు మంచి తిండి కావలసిన చివరి నెలలు సరిగ్గా చలికాలంలో పడతాయి. అప్పుడు గడ్డి యెండిపోయి వుంటుంది, దానిలో మాంసకృత్తులు తక్కువ. పైగా దాణా కొనాలంటే డబ్బు కావాలి. కొనాలా, మానాలా? అక్కడి రైతుకు యిది పెద్ద సమస్య.

నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వారు యీ సంగతి మూడేళ్లు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. కొన్ని చూడి ఆవులకు చివరి మూడవవంతు కాలంలో రోజుకు సుమారు 450 గ్రాముల చొప్పున దాణా పెట్టారు. అందులో నూటికి 42 వంతులు మాంసకృత్తులే. మిగతా ఆవులు యెండుగడ్డి మాత్రమే మేసినవి. పుట్టినప్పుడు రెండు గుంపుల పెయ్యదూడల బరువులో పెద్ద తేడా లేదు. కాని అవి యెదిగి యెదకు వచ్చిన తరవాత తేడా బయటపడింది. దాణా తిన్న తల్లుల పెయ్యల్లో నూటికి 93 చూడి కట్టినవి. తిననివాటి పెయ్యల్లో 80 మాత్రమే. చూడి కట్టని పెయ్యను రైతు సాధారణంగా అమ్మివేస్తాడు. తల్లికి పెట్టిన ఆ కాస్త దాణా ఒక యేడాది దాటిన తరవాత, దాని బిడ్డలో ఫలించిందన్నమాట!

యీ కథకు మనతోనూ చుట్టరికం వున్నది. బ్రెజిల్ దేశంలో మాంసానికి పెంచే పశువుల్లో పేరున్న నెలోరె జాతి మన ఒంగోలు పశువుల సంతతే. ఆ పేరు మన నెల్లూరు నుంచి వచ్చింది. అక్కడ కూడా వానలు లేని నెలల్లో గడ్డిలో సారం తగ్గిపోతుంది. చూడి ఆవును జాగ్రత్తగా చూసుకోవలసిన కాలం అదే.

అలాగని చూడి ఆవుకు అమితంగా మేపకూడదు. మరీ కొవ్వెక్కితే యీనడం కష్టమవుతుంది. తగినంత తిండి, తగిన వేళకు అందాలి.

మీ యింట్లో గాని, మీ వూళ్లో గాని చూడి ఆవు వుంటే, వేసవిలో దానికేమి పెడుతున్నారో పెద్దలను అడగండి. వట్టి గడ్డేనా? కాస్త పచ్చిమేత, తెలగపిండి, తవుడు కూడానా? అది తినే ముద్ద దానికొక్కదానికే కాదు. మనకు కనిపించని దూడకు అప్పుడే పడుగు పడుతున్నది.