ఒకే చెవి, ఒకే ముక్కు: సైనస్ అని వదిలేసే ముందు

ఈసారి కల్యాణ మండపం లెక్కలు రాయడం లేదు, ముక్కు గురించి రాస్తున్నాం. మా చదువంతా తమిళంలో సాగింది. తెలుగు అక్షరాలు రిటైరయినాక మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకుని చదవండి, సగంలో మాత్రం వదలకండి.

మనవాళ్ళ ఇళ్ళల్లో సైనస్ అనే మాట చుట్టపుచూపుగా వచ్చి ఇంట్లోనే ఉండిపోయింది. తలనొప్పి అంటే సైనస్, ముక్కు మూసుకుంటే సైనస్, చెవిలో హోరంటే సైనస్. ఇంటి వైద్యం కూడా సిద్ధం. పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చడం, నీర్‌కోవై మాత్ర అరగదీసి నుదుటికి పట్టు వేయడం, నొచ్చాకు ఆవిరి. (నొచ్చిని తెలుగులో వావిలి అంటారని మాకు ఈమధ్యే తెలిసింది.) ఇవి తప్పు అనడం లేదు, మేమూ చేస్తాం. ఆవిరి పట్టే ముందు రెండు ప్రశ్నలు అడగాలి అంటున్నాం. ఎన్నాళ్ళ నుంచి? ఏ పక్క? మా ఇంట్లో ఆ రెండూ ఎవరమూ అడగలేదు.

మా పెద్దక్క కొడుకుకి 43 ఏళ్ళు, మిల్లులో సూపర్‌వైజరు. బీడీ లేదు, తాగుడు లేదు. పొంగలి పండగకి వచ్చి "ఎడమ చెవిలో నీళ్ళు పోయినట్టుంది మామా" అన్నాడు. ఇంట్లో ఎనిమిది మంది ఉన్నాం, ఎనిమిది మందులు చెప్పాం. ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి సైనస్ అన్నారు. మాత్రలు మూడుసార్లు మార్చారు. ఫోను కుడి చెవికి మార్చుకున్నాడు. పొద్దున కాండ్రించి ఉమ్మితే ఎర్ర చార కనబడుతోందంటే, వేడి చేసింది, మజ్జిగ తాగమన్నాం. ఆడి నెలలో మెడ పక్కన బిళ్ళ కట్టింది. నొప్పి లేదు కదా అని ఇంకో నెల. అప్పటికి పొంగలి పోయి ఎనిమిది నెలలు.

మేము పార్శిల్ ఆఫీసులో 31 ఏళ్ళు పనిచేశాం. తేదీ లేని కాగితం మా టేబుల్ దాటేది కాదు. మేనల్లుడి చెవికి మాత్రం తేదీ అడగలేదు.

ముక్కు వెనక, కొండనాలుకకి పైన, గొంతులోకి దిగే మలుపు దగ్గర చిన్న గది లాంటి చోటు ఉంది. డాక్టర్లు దాన్ని నేసోఫారింక్స్ అంటారు. నోరు తెరిచి చూసినా, ముక్కులోకి టార్చి కొట్టినా కనబడదు. సైనస్ ఎక్స్‌రేలో కూడా దాన్ని సరిగ్గా చూడలేరు. రెండు చెవుల నుంచి ఒక్కొక్క సన్నని గొట్టం ఆ గదిలోకే తెరుచుకుంటుంది. ఆ గొట్టం దగ్గర గడ్డ లేస్తే, ఆ పక్క చెవి లోపల నీరు నిలిచిపోతుంది. రోగం ముక్కు వెనక, బాధ చెవిలో. అందుకే మోసపోతాం.

సైనస్ నడక వేరు. ఎక్కువగా జలుబుతో మొదలవుతుంది. పసుపు, పచ్చ చీమిడి, వంగితే నుదుట్లో బుగ్గల్లో బరువు, వాసన తెలియకపోవడం, ఒక్కోసారి జ్వరం. జలుబు నుంచి వచ్చింది చాలామందికి పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. 12 వారాలు దాటితే దీర్ఘకాలం సైనస్ అంటారు. అది కూడా ఎక్కువ మందికి రెండు పక్కలా ఉంటుంది, ఒక నెల పెరుగుతుంది, ఒక నెల తగ్గుతుంది. మేము భయపడమంటున్నది ఇలా ఉండదు. ఒకే పక్క పట్టుకుంటుంది, మందుకి లొంగదు, మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. జలుబు లేకుండా పెద్దవాళ్ళకి ఒకే చెవి మూసుకుని వారాల తరబడి తెరుచుకోకపోతే ముక్కు వెనక చూడాల్సిందే. ఉమ్మిలోనో చీమిడిలోనో మళ్ళీ మళ్ళీ నెత్తురు చార, చెవి కింద దవడ మూలన నొప్పి లేని బిళ్ళ, వస్తువులు రెండుగా కనబడడం, ముఖం ఒక పక్క తిమ్మిరి, ఇవి కూడా. చాలామంది డాక్టరు దగ్గరికి వెళ్ళేది మెడ బిళ్ళ కనబడినాకే.

ఒకే పక్క అయితే క్యాన్సరే అనుకుని రాత్రంతా మేలుకోకండి. ముక్కు దూలం వంకర ఉన్నా, పై పన్ను వేరులో చీము పట్టినా ఒకే పక్క మూసుకుంటుంది. మన దక్షిణాదిలో ఈ క్యాన్సర్ అరుదు. దక్షిణ చైనాలో, మన దేశంలో నాగాలాండ్, మణిపూర్, మిజోరం వైపు ఎక్కువ. మన దగ్గర అరుదు కాబట్టే ఎవరికీ తట్టదు. కరువాడు తింటే వస్తుందా అని ఒకాయన అడిగారు. క్యాన్సర్ జాబితాలో చేర్చింది చైనా పద్ధతి ఉప్పు చేపని, మన ఎండు చేపని అందులో చేర్చలేదు.

ఇది ఇంట్లో తేల్చే విషయం కాదు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర సిగ్గుపడకుండా అడగండి: "ముక్కు వెనక కెమెరా పెట్టి చూస్తారా సార్?" సన్నని గొట్టం, ముందు మత్తు స్ప్రే, కొద్ది నిమిషాల పని. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. మెడ బిళ్ళకి సూది పరీక్ష. మెడ బిళ్ళ అంటే మన వైపు ముందు టీబీ అంటారు, టీబీ కూడా ఉంటుంది, నిజమే. కానీ పరీక్ష లేకుండా టీబీ మాత్రలు మింగుతూ కూర్చోకండి. మనలో రైల్వే పింఛనుదారులకి ఉమీద్ కార్డు ఉంది, దాన్ని బీరువాలో దాచుకోవడానికి ఇవ్వలేదు.

ఇంకొకటి చెప్పకపోతే మాకు నిద్ర పట్టదు. మేనల్లుడికి రోగం బయటపడ్డాక మన సంఘం పెళ్ళి విందులోనే ఎవరో వాడి టంబ్లరు వేరుగా పెట్టారు. ఈ క్యాన్సర్‌కి ఒక వైరస్‌తో సంబంధం ఉందని ఫోనులో చదివారట. ఉంది, పేరు ఎప్‌స్టీన్-బార్. ప్రపంచంలో పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా అది ఎప్పుడో సోకి ఒంట్లో ఉండిపోయినదే, టంబ్లరు పక్కకి జరిపిన ఆయనతో కలిపి. క్యాన్సర్ ఎంగిలితో అంటదు. ఇలా చేస్తే రేపు ఇంకొకరు, పిల్ల పెళ్ళి కావాలి కదా అని, బిళ్ళని కాలరు కింద దాచుకుంటారు.

ఈ గడ్డకి ఎక్కువగా కత్తి పెట్టరు, రేడియేషనే ముఖ్య వైద్యం. ముదిరితే కీమో కలుపుతారు. తొలి దశలో పట్టుకుంటే చాలామందికి నయమవుతుంది. మావాడికి మూడో దశలో దొరికింది. ఏడు వారాలు, వారానికి ఐదు రోజులు రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు పనికి పోతున్నాడు. పోయిన నెల స్కానులో ఏమీ లేదన్నారు. లాలాజలం మాత్రం ఎండిపోయింది. ముద్ద ముద్దకీ గుక్కెడు నీళ్ళు తాగుతాడు, మిరియాల రసం నాలుక మీద పెట్టలేడు. పండగకి వస్తే మా అక్క వాడి కోసం విడిగా పప్పు కడుగు పలచగా, కారం లేకుండా చేస్తుంది. ఎడమ పక్కన కూర్చుంటే వాడికి మా మాట ఇప్పటికీ సరిగ్గా వినపడదు, అందుకని మేము కుడి పక్కకి మారి కూర్చుంటాం.